ట్రక్కు ఎత్తు పెంచారా? టైర్లు కొనేముందు ఈ లెక్క చూడండి

డల్లాస్, హ్యూస్టన్ వైపు మనవాళ్ల ఇళ్ల ముందు క్యామ్రీల పక్కన ఇప్పుడు పికప్ ట్రక్కులూ కనిపిస్తున్నాయి. కొందరు కొనడంతో ఆగరు. లిఫ్ట్ కిట్ వేయించి బండి ఎత్తు పెంచుతారు. అప్పుడు కంపెనీ టైర్లు బక్కచిక్కినట్టు అనిపిస్తాయి. ‘35 ఇంచులవి వేసేయ్ బ్రో’ అని ఫ్రెండ్స్ సలహా! వేయొచ్చు. కానీ కోడ్‌లో ఒక్క వేరియబుల్ మారిస్తే పది చోట్ల తేడా కొట్టినట్టే, టైరు సైజు మారితే స్పీడోమీటర్ నుంచి బ్రేకుల దాకా అన్నీ మారతాయి.

ముందు సైజు చదవడం నేర్చుకోండి

ఫోర్డ్ ఎఫ్-150 లాంటి ట్రక్కులకు వచ్చే ఒక సైజు 275/65 ఆర్18. అంటే వెడల్పు 275 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ 18 అంగుళాలు. లెక్కేస్తే మొత్తం ఎత్తు దాదాపు 32 అంగుళాలు. 35కి వెళ్తే మూడు అంగుళాలు పెరిగినట్టు. కానీ బండి లేచేది అందులో సగం, ఒకటిన్నర అంగుళమే.

ఇక్కడో విషయం చాలామందికి తెలీదు. లిఫ్ట్ కిట్ బాడీని పైకి లేపుతుంది కానీ వెనక యాక్సిల్‌ను కాదు. యాక్సిల్ కింద రాయి తగలకుండా ఖాళీ పెంచేది టైరు మాత్రమే.

మీటర్ 70 చూపిస్తే...

పెద్ద టైరు ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం వెళ్తుంది. ఈ లెక్కలో తేడా 9 శాతం. మీటర్ 70 మైళ్లు చూపిస్తుంటే మీరు నిజంగా వెళ్లేది 76. పోలీసు ఆపితే ‘మీటర్‌లో అంతే ఉంది సార్’ అంటే కుదరదు కదా! టైర్లు మార్చిన రోజే స్పీడోమీటర్‌ను కొత్త సైజుకి సరిచేయించండి.

గేర్లదీ ఇదే కథ. యాక్సిల్ రేషియో 3.55 ఉంటే, 35 టైర్లతో అది 3.25 లాగా పనిచేస్తుంది. పికప్ తగ్గుతుంది. ట్రైలర్ లాగేవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. పాత ఊపుకి దగ్గరగా రావాలంటే 3.73, పూర్తిగా కావాలంటే 4.10 గేర్లు వేయించాలి. ఆ ఖర్చు కూడా బడ్జెట్‌లో రాసుకోండి.

రిమ్ పెద్దదైతే గొప్పా?

33 అంగుళాల టైరుకి 20 రిమ్ వేస్తే పక్క గోడ ఆరున్నర అంగుళాలే. అదే 17 రిమ్ అయితే ఎనిమిది. మట్టి దారుల్లో, గుంతల్లో దెబ్బ తట్టుకునేది ఆ రబ్బరే. 20 చూడ్డానికి బాగుంటుంది, 17 పనికి బాగుంటుంది. అయితే చిన్న రిమ్ లోపల బ్రేక్ క్యాలిపర్ పడుతుందో లేదో ముందే అడగండి.

ఆఫ్‌సెట్ కూడా చూడాలి. అది బాగా తగ్గితే చక్రం బయటికి పొడుచుకొస్తుంది. ఫెండర్‌కి రాసుకుంటుంది, బేరింగులు, బాల్ జాయింట్ల మీద భారం పడుతుంది. ఫెండర్ దాటిన టైర్లు, బండి ఎత్తు గురించి రూల్స్ రాష్ట్రానికోలా ఉంటాయి. మీ రాష్ట్రంలో ఏముందో చూసుకోండి.

అసలు సంగతి బ్రేకులు

పెద్ద టైరు బరువు ఎక్కువ. బ్రేకులేమో పాతవే. దాంతో బండి ఆగడానికి పట్టే దూరం పెరుగుతుంది. పైగా ఎత్తు పెరిగిన ట్రక్కుని సడన్‌గా తిప్పితే పల్టీ కొట్టే ప్రమాదమూ ఎక్కువే. వెనక సీట్లో పిల్లలుంటారు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న ఉంటారు. వాళ్లు అంత ఎత్తు ఎక్కి దిగగలరా అన్నదీ ఆలోచించాల్సిందే.

టైరు మీద ‘ఎల్‌టీ’ అని ఉంటే, అదే బరువు మోయడానికి మామూలు టైరు కంటే ఎక్కువ గాలి కావాలి. డోర్ దగ్గరి స్టిక్కర్ కంపెనీ టైర్లకి రాసింది. కొత్తవాటికి ఎంత గాలి పెట్టాలో షాపులో లోడ్ టేబుల్ చూపించమనండి.

డబ్బు కట్టేముందు

సిటీ, హైవే వాడకమే ఎక్కువైతే చిన్న లిఫ్ట్, 33 టైర్లు చాలామందికి సరిపోతాయి. 35 కావాలంటే సాధారణంగా లిఫ్టూ ఎక్కువే కావాలి. ఏ సైజైనా ఒక టైరు బిగించి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఎక్కడా రాసుకోవట్లేదని చూశాకే మిగతావి తీసుకోండి. 50 నుంచి 100 మైళ్లు తిరిగాక నట్లు మళ్లీ టార్క్ చెక్ చేయించండి. స్పేర్ టైరు కూడా అదే సైజుది ఉండాలి. అది ట్రక్కు కింద పాత చోట పడుతుందా? నాలుగు టైర్లకు బేరం ఆడేటప్పుడే ఐదోదాని సంగతీ తేల్చుకోండి.