ఆటోక్లేవ్ చూపే 121 డిగ్రీలు నిజమేనా?

ఆపరేషన్‌కు ముందు చాలామంది అడిగే ప్రశ్నలు రెండే. మత్తు ఎలా ఇస్తారు? కుట్లు ఎప్పుడు విప్పుతారు? లోపల వాడే కత్తెరలు, ఫోర్సెప్స్, గాజుగుడ్డల సంగతి అడిగేవారు అరుదు. వాటిలో క్రిములు లేకుండా చేసేది ఆటోక్లేవ్ అనే ఆవిరి యంత్రం. అది సరిగా పనిచేసిందో లేదో చెప్పేది పెన్సిల్ కంటే సన్నని ఒక సెన్సర్.

ఆటోక్లేవ్ పెద్ద ప్రెషర్ కుక్కర్ వంటిదే. సాధారణంగా పాటించే లెక్క ప్రకారం లోపలి ఆవిరి 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 నిమిషాలు నిలవాలి. 134 డిగ్రీలైతే 3 నిమిషాలు. రెండు మూడు డిగ్రీలు తగ్గితే ఏమవుతుందిలే అనుకోకండి. 10 డిగ్రీలు తగ్గితే మొండి స్పోరులు చచ్చే వేగం పదోవంతుకు పడిపోతుంది. 3 డిగ్రీలు తగ్గినా అది సగమే. అంటే 15 నిమిషాలు నడిపినా ఏడున్నర నిమిషాలు నడిపిన ఫలితమే దక్కుతుంది.

"ప్రెషర్ ముల్లు 15 పౌండ్లు చూపిస్తోంది కదా?" అని కొందరంటారు. లోపల గాలి చిక్కుకుంటే ముల్లు 15 చూపినా వేడి 121కి చేరదు. అందుకే వేడిని విడిగా కొలవాలి. పొట్లాల మీద రంగు మారే టేపును కూడా పూర్తిగా నమ్మలేం. పొట్లం ఆవిరిలోకి వెళ్ళి వచ్చిందని మాత్రమే అది చెబుతుంది.

సెన్సర్‌లో సన్నని ప్లాటినం తీగ ఉంటుంది. ఎక్కువగా వాడే రకం పేరు పీటీ-100. 0 డిగ్రీల దగ్గర దాని విద్యుత్ నిరోధం 100 ఓములు, 100 డిగ్రీల దగ్గర 138.5 ఓములు. ట్రాన్స్‌మిటర్ అనే చిన్న పరికరం ఈ నిరోధాన్ని 4 నుండి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటుగా మార్చి ప్యానెల్‌కు పంపుతుంది. 0 నుండి 150 డిగ్రీల వరకు అమర్చిన ట్రాన్స్‌మిటర్ 121 డిగ్రీలకు సుమారు 16.9 మిల్లీ ఆంపియర్లు పంపాలి. కరెంటు 0 నుండి కాక 4 నుండి మొదలవడంలో తెలివి ఉంది: తీగ తెగితే 0 వస్తుంది, లోపం వెంటనే తెలిసిపోతుంది.

తీగ తెగితే తెలుస్తుంది కానీ, కనెక్షన్ దగ్గర చిలుము పడితే తెలియదు. రెండు తీగలతో కలిపిన సెన్సర్‌కు చిలుము వల్ల ఒక్క ఓము అదనంగా చేరితే ప్యానెల్ సుమారు 2.6 డిగ్రీలు ఎక్కువ చూపుతుంది. ప్యానెల్ మీద 121, లోపల 118.4! అలారం మోగదు. ఈ చిక్కును తగ్గించడానికే మంచి యంత్రాల్లో మూడో తీగ, కొన్నింటిలో నాలుగో తీగ కూడా కలుపుతారు.

దీన్ని పట్టుకునే పనే క్యాలిబ్రేషన్. రిపేరు వేరు, క్యాలిబ్రేషన్ వేరు. నమ్మకమైన మరో థర్మామీటర్‌తో పోల్చి, తేడా ఎంతో రాసిపెట్టడమే ఇది. సరిచేయడం ఆ తర్వాతి పని. సెన్సర్‌ను, ప్రామాణిక థర్మామీటర్‌ను ఒకే వేడి దిమ్మెలో ఉంచి 121 దగ్గర, 134 దగ్గర పోలుస్తారు. ట్రాన్స్‌మిటర్‌కు తెలిసిన నిరోధం ఇచ్చి ఎంత కరెంటు వస్తోందో చూస్తారు. చివరికి సెన్సర్ నుండి ప్యానెల్ వరకు అంతా కలిపి మళ్ళీ పరీక్షిస్తారు. విడివిడిగా సరిగా ఉన్నవి కలిపితే తప్పు చూపవచ్చు గనుక ఈ చివరి పరీక్ష ముఖ్యం. సరిచేయక ముందు వచ్చిన అంకెలను కూడా సర్టిఫికెట్‌లో రాయించుకోవాలి. లేకపోతే గడచిన నెలల్లో వాడిన సామాను సంగతి ఎవరూ చెప్పలేరు. మన దేశంలో ఈ ప్రామాణిక థర్మామీటర్ల కొలతలకు మూలం న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల.

ఇన్సులిన్ వాడే కుటుంబాలకు ఒక మాట. తెరవని ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి; గడ్డకడితే పారవేయాలి. ఫ్రిజ్‌లో పెట్టే థర్మామీటర్‌ను మీరే పరీక్షించుకోవచ్చు. గ్లాసు నిండా పొడిచేసిన ఐసు వేసి, సందులు నిండేంత చల్లని మంచినీళ్ళు పోసి కలపండి. థర్మామీటర్ కొనను గ్లాసు అడుగుకు తగలకుండా మధ్యలో ఉంచి, అయిదు నిమిషాలు ఆగండి. 0 చూపాలి. 2 చూపితే అది 2 డిగ్రీలు ఎక్కువ చెబుతోందన్నమాట. అప్పుడు ఫ్రిజ్‌లో అది 3 చూపినప్పుడు అసలు వేడి 1 డిగ్రీయే.

మరిగే నీళ్ళతో పరీక్షించవద్దు. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున్న హైదరాబాదులో నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. జ్వరం చూసే పాదరసపు థర్మామీటర్‌నైతే వేడినీళ్ళలో అసలు పెట్టకండి, పగిలిపోతుంది.