పటం అద్దానికి మిషను కావాలా?

బిలాస్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ పని కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడున్నాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకి కేంద్రమూ అదే. ఆ ఊళ్లో మోప్కా లాంటి పేటలో పటాలు కట్టే చిన్న కొట్టు పెడితే గిరాకీ ఎలా ఉంటుందో ఊహించవచ్చు: వెంకటేశ్వరస్వామి పటం, పెళ్లి ఫొటో, రిటైర్మెంటు నాటి సన్మానపత్రం, దండ వేయాల్సిన పెద్దల ఫొటో. ఫ్రేము కర్ర కోయడం నేర్చుకుంటారు గాని, అద్దం దగ్గరికొచ్చేసరికి చెయ్యి వెనక్కి పోతుంది. గోడకు బిగించే పెద్ద కోత మిషను లేనిదే ఈ పని కుదరదని చాలామంది నమ్మకం. కొత్తగా కొట్టు తెరిచేవాళ్లు ఆ మిషను మీద డబ్బు పెట్టనవసరం లేదని నా అభిప్రాయం. మంచి కటరు, చదునైన బల్ల, కదలని స్కేలు, ముందుగా వేసుకున్న లెక్క ఉంటే పని నడుస్తుంది.

ఎందుకంటే అద్దాన్ని నిజానికి ఎవరూ కొయ్యరు. తాము అనుకున్న దారిలో పగలగొడతారు. గాజు బలహీనతంతా దానిలోని సన్నటి పగుళ్లలోనే ఉందని గ్రిఫిత్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు 1921లో అచ్చయిన పరిశోధనలో చూపించాడు. కటరు చేసేది అలాంటి ఒక పగులును మనకు కావలసిన చోట పెట్టడమే. అమెరికాలో శామ్యూల్ మాన్స్ 1869లో ఉక్కు చక్రపు కటరుకు పేటెంటు తీసుకునేదాకా ఈ పని వజ్రపు మొనతో జరిగేది. చక్రం అద్దం మీద దొర్లుతూ కంటికి సరిగా ఆనని పగులును లోపలికి దించుతుంది. తర్వాత వంచితే ఆ పగులు కిందిదాకా పరుగెత్తుతుంది. అందుకే గీత ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఒకే ఊపులో, ఒకే బరువుతో, ఒక్కసారే పడాలి. సన్నగా కిర్రుమనే చప్పుడు తెగకుండా వినిపిస్తే గీత పడినట్టు. తెల్లటి పొడి రాలితే చెయ్యి బరువెక్కినట్టు. అనుమానంతో అదే గీత మీద రెండోసారి లాగితే అంచు చిట్లుతుంది, చక్రం పదునూ పోతుంది. గీత పడిన వెంటనే దాన్ని బల్ల అంచు మీదికి తెచ్చి విరవాలి. ఈ పనిలో మిషను ఇచ్చేది తిన్నటి దారి, సమానమైన ఒత్తిడి. మొదటిది స్కేలు ఇస్తుంది, రెండోది సాధనతో చేతికి వస్తుంది.

అలాగని హార్డ్‌వేర్ కొట్టులో దొరికే అతి చవక కటరు చాలనడం పొదుపు కాదు. మామూలు ఉక్కు చక్రం త్వరగా మొద్దుబారుతుంది, అప్పుడు గీత తెగుతూ పడుతుంది. అలా పాడైన రెండు మూడు షీట్లతోనే మిగిలిందనుకున్న డబ్బు పోతుంది. పిడిలో నూనె నిలిచే, టంగ్‌స్టన్ కార్బైడ్ చక్రమున్న కటరు కొనాలి. అందులో పల్చటి కుట్టుమిషను నూనె గాని, కిరసనాయిలు గాని పోస్తే చక్రం పట్టకుండా తిరుగుతుంది. ఆ నూనె మరక ఫొటోకు అంటకుండా అద్దాన్ని శుభ్రంగా తుడిచాకే పటంలో పెట్టాలి. బల్ల మీద పాత కంబళి పరిస్తే చాలు. కాకపోతే చక్రానికీ స్కేలు అంచుకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. అది లెక్కలోకి తీసుకోకపోతే ప్రతి ముక్కా తప్పుతుంది. ముక్క ఫ్రేము గాడి కన్నా రెండు మిల్లీమీటర్లు తక్కువగా ఉండటమూ అవసరమే. బిగుతుగా కూర్చున్న అద్దం కర్ర ఉబ్బినప్పుడు పగులుతుంది.

అసలు డబ్బు మిగిలేది షీటును ఎలా పంచుకున్నామన్న దగ్గర. రంపంలా కాక, అద్దం కోతలో పొట్టు పోదు. కొలతంతా ముక్కల్లోనే ఉంటుంది. 48 అంగుళాల పొడవు, 36 అంగుళాల వెడల్పున్న షీటులో 12×15 ముక్కలు తీయాలనుకుందాం. 12 అంగుళాల వైపును పొడవు వెంట పెడితే 8 ముక్కలొస్తాయి, 48×6 పట్టీ మిగులుతుంది. 15 అంగుళాల వైపును పొడవు వెంట తిప్పితే 9 వస్తాయి, పనికిరాని 3 అంగుళాల పట్టీ మిగులుతుంది. షీటుకు ఒక ముక్క తేడా! అయితే 6×8 ఫొటోలకు గిరాకీ ఉన్న కొట్టుకు మొదటి పద్ధతే లాభం కావచ్చు, ఆ పట్టీలో సరిగ్గా 6 ముక్కలొస్తాయి గనుక. ఈ ఎంపిక ఏ మిషనూ చేయదు, కాగితం మీద పెన్సిలుతో ముందే చేసుకోవాలి. గీత మాత్రం అంచు నుంచి అంచుకే నడవాలి, మధ్యలో మలుపు తిరగదు.

హోల్‌సేలు కొట్టులోనే కొలతకు కోయించుకోవచ్చు కదా అనవచ్చు. నెలకు పది పటాలు కట్టేవారికి అదే మంచిది. కాని ప్రతి ఫ్రేము కొలతా వేరు, ఒక ముక్క రెండు మిల్లీమీటర్లు ఎక్కువైతే మళ్లీ ఊళ్లోకి పరుగెత్తాలి. పగలని యాక్రిలిక్ పెద్ద పటాలకు, పిల్లల గదులకు నిజంగా మేలే గాని, గీతలు పడుతుంది, దుమ్మును లాగుతుంది. మిషను కొనే రోజు కూడా రావచ్చు. రోజూ పెద్ద షీట్లు దించుకునే కొట్టులో, పని ఇద్దరు ముగ్గురి చేతులు మారేచోట, ఒత్తిడి ఎప్పుడూ ఒకేలా ఉండటం విలువైనదే. ఆ స్థాయికి చేరాక దాని ఖర్చు అదే రాబట్టుకుంటుంది.

చేతి పనిలో ప్రమాదం ఎక్కువన్న మాటను మాత్రం తేలిగ్గా తీసుకోలేను. 2 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకు 5 కిలోలు తూగుతుంది, దాని పచ్చి అంచు చర్మాన్ని తెలియకుండానే తెంచుతుంది. కళ్లద్దాలు, గ్లౌజులు, మూసిన చెప్పులు కటరుతో పాటే కొనాల్సినవి. టఫెన్డ్ అద్దం మీద కటరు పెట్టనే కూడదు, అది గీతకు లొంగకుండా ఒక్కసారిగా ముక్కలైపోతుంది. షీట్లను పడుకోబెట్టకుండా గోడకు కొద్దిగా వాల్చి, మధ్యలో కాగితం పెట్టి నిలబెట్టాలి. వానాకాలంలో రెండు షీట్ల నడుమ చేరిన తడి అద్దాన్ని తిని తెల్లటి మచ్చలు తెస్తుంది. ఆ మచ్చలు తుడిస్తే పోవు.