షిఫ్టు ముగిసిన తరువాత చదువు

బడి విడిచిన నాటితో విద్యాభ్యాసం ముగిసిపోదు. యంత్రం మారినప్పుడల్లా దానిని నడిపే మనిషి కొత్తగా నేర్వవలసి వస్తుంది. ఈ సత్యాన్ని తొలినాళ్ళలోనే గుర్తించిన పారిశ్రామిక నగరాలలో జంషెడ్‌పూర్ ఒకటి.

సువర్ణరేఖ, ఖర్కాయీ నదుల చెంతనున్న సాక్చీ గ్రామంలో టాటా వారి కర్మాగారం 1912లో ఉక్కు ఉత్పత్తి ప్రారంభించింది. 1919లో ఆ పట్టణానికి జంషెడ్‌పూర్ అన్న పేరు వచ్చింది. ఆ నేలను ముందునుండి నమ్ముకొని ఉన్న సంతాలీ, హో ఆదివాసులతో పాటు బెంగాలీలు, ఒడియావారు, పంజాబీలు, తెలుగువారు అక్కడ కార్మికులైనారు. 1921లో సాంకేతిక శిక్షణాలయం వెలసింది. 1949లో ఏర్పడిన గ్జేవియర్ కార్మిక సంబంధాల సంస్థ, యాజమాన్య ప్రతినిధులకే గాక కార్మిక సంఘాల వారికీ విద్య నేర్పడం తన కర్తవ్యంగా స్వీకరించింది.

అయితే సంస్థ గడప తొక్కలేని వారి మాటేమిటి? వారి కోసం చదువే బస్తీకి వెళ్ళాలి. అలా వెళ్ళిన చదువుకు మూడు అవరోధాలు ఎదురవుతాయి.

మొదటిది సమయం. కర్మాగారం మూడు షిఫ్టులలో నడుస్తుంది. తరగతి ఎల్లప్పుడూ సాయంకాలమే జరిగితే, రెండవ షిఫ్టులో ఉన్న కార్మికుడు పాఠం కోల్పోతాడు; కొన్నాళ్ళకు రావడమే మానుకుంటాడు. అదే పాఠాన్ని ఉదయం కూడా చెబితే అతడు నిలుస్తాడు.

రెండవది భాష. సంతాలీ భాషకు పండిత రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికీ లిపిని రూపొందించారు. 2003లో ఆ భాష రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులో చేరింది. సొంత భాషలో అక్షరం పట్టుబడిన వయోజనునికి హిందీ చదవడం సులభమవుతుంది. మాతృభాష ఇతర భాషలకు అడ్డుగోడ కాదు, తొలి మెట్టు.

మూడవది బిడియం. వయోజనుడు పసిబాలుడు కాడు. శబ్దం విని యంత్రదోషం పసిగట్టే ఫిట్టరుకూ, వేళ్ళ మీద నెల ఖర్చు లెక్కగట్టే గృహిణికీ ఎంతో తెలుసు. ఆ తెలిసినదానినుండే పాఠం మొదలు కావాలి. తప్పు చేసినా నవ్వులపాలు కామన్న ధీమా లేనిచోట పెద్దలు పలక పట్టరు.

1978 అక్టోబరు 2న ఆరంభమైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం అక్షరజ్ఞానాన్ని వృత్తి నైపుణ్యంతోనూ, సామాజిక చైతన్యంతోనూ ముడిపెట్టింది. 2022లో మొదలైన నవభారత సాక్షరతా కార్యక్రమం పదిహేనేళ్ళు, ఆపై వయసున్న వారికి ఉద్దేశించినది. నిరంతర విద్య అందులో ఒక అంగం. అయినా పంచిన ధ్రువపత్రాల సంఖ్యతోనే ఇటువంటి కృషి విలువ తేలదు. నేర్చుకున్నవాడు మరునాడు తన పొరుగువానిని, అతడు వేరొక భాష మాట్లాడేవాడైనా సరే, వెంటబెట్టుకొని వచ్చినప్పుడే ఆ బస్తీలో విద్య వేళ్ళూనినట్లు.