లారీ ఇరుసు ఎంత మోయవచ్చు?

ఎద్దుబండికి బరువెత్తడం మనకు కొత్త విద్య కాదు. బస్తాలు ముందుకు జరిగితే ఎద్దుల మెడ మీద పడుతుంది. వెనక్కు జరిగితే కాడి పైకి లేచి గొంతు పట్టేస్తుంది. అందుకని ఇరుసుకు అటూ ఇటూ సరిచూసి వేస్తాము. లారీ సంగతీ ఇంతే. చట్టము మొత్తం బరువునే కాక, ఒక్కొక్క ఇరుసు మీద పడే బరువును కూడా చూస్తుంది.

కేంద్ర ప్రభుత్వము 2018 జూలైలో ఈ హద్దులు పెంచింది. ముందు ఇరుసుకు, అంటే రెండు టైర్లున్న దానికి, 7 టన్నులు. నాలుగు టైర్ల వెనక ఇరుసుకు 11.5 టన్నులు. కాబట్టి రెండు ఇరుసుల లారీకి మొత్తం 18.5 టన్నులు. మునుపు ఇది 16.2 ఉండేది. ఇందులో లారీ సొంత బరువు కూడా కలిసే ఉన్నదని మరువకండి. పాత లారీ అయితే దాని ఆర్‌.సి.లో ఏ అంకె ఉంటే అదే లెక్క.

కుప్పం దాటితే ఒకవైపు కర్ణాటకం, ఒకవైపు తమిళనాడు. అక్కడ హద్దు వేరు కదా అని కొందరు అడుగుతుంటారు. వేరు కాదు, ఇది దేశమంతటికీ ఒకటే. ఒకప్పుడు కొన్ని రాష్ట్రాలు రుసుము కట్టించుకొని ఎక్కువ బరువుకు కార్డులు ఇచ్చేవి. అట్లా ఇవ్వడానికి వీలులేదని సుప్రీంకోర్టు 2005లో తేల్చింది.

ఇంత పట్టుదల ఎందుకంటారా? 1958–60లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పి చూశారు. ఇరుసు బరువు రెండింతలైతే రోడ్డుకు చేటు రెండింతలు కాదు, సుమారు పదహారింతలని తేలింది. 11.5 టన్నుల ఇరుసు మీద 15 వేస్తే రోడ్డు దాదాపు మూడింతలు నలుగుతుంది. మన పల్లెరోడ్డు ఒక్క వానాకాలానికే గుంతలు పడితే కంట్రాక్టరును తిడతాము. తిట్టవలసిన సందర్భాలు లేకపోలేదు గానీ, కుప్పం గ్రానైటు బండలనూ గమనించండి. ఘనమీటరు రాయి సుమారు 2.7 టన్నులు. చూపుకు లారీ సగం ఖాళీగానే ఉంటుంది!

ఎండుగడ్డిది దీనికి తలకిందులు. తూకం తక్కువే గానీ పక్కలకు పొర్లుతుంది. బండి వెడల్పు 2.6 మీటర్లు, ఎత్తు 4 మీటర్లు దాటరాదు. కరెంటు తీగల కింద పోయేటప్పుడు ఇది ప్రాణాలతో పని.

ఇక మన టమాటా. మదనపల్లె మార్కెట్టుకు చిన్న బండిలో వేస్తారనుకోండి. ఆర్‌.సి.లో నిండు బరువులోనుంచి ఖాళీ బరువు తీసివేస్తే 750 కిలోలు మిగిలిందనుకుందాం. క్రేటుకు కాయలు 25 కిలోలు, 30 క్రేట్లు పడతాయని లెక్క వేస్తారు. ఖాళీ క్రేటు 2 కిలోలుంటే దాన్నెవరు లెక్కవేస్తారు? 27 క్రేట్లే పడతాయి.

హద్దు దాటితే 2019 సవరణ ప్రకారం 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000. నడిపినవాణ్ణే కాదు, నడిపించినవాణ్ణి కూడా చట్టం పట్టుకుంటుంది. అదనపు సరుకు దించితే గానీ బండి కదలదు. పలమనేరు దగ్గర ఎండలో దించిన టమాటా ఏ గతి పడుతుందో, ఆనాటి వేలంపాట ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? బాడుగ మాట్లాడుకునేటప్పుడే ఆర్‌.సి. చూపించమని అడగండి. పెద్ద లారీ అయితే బయలుదేరేముందు కాటా వేయించి, చీటీ డ్రైవరు చేతికి ఇవ్వండి.