55 పరుగులపై 27 పరుగుల గెలుపు

1960 అక్టోబరులో అమెరికా బేస్‌బాల్ కిరీటం కోసం జరిగిన వరల్డ్ సిరీస్‌లో న్యూయార్క్ యాంకీస్ జట్టు ఏడు ఆటల్లో కలిపి 55 పరుగులు చేయగా, దానితో తలపడిన పిట్స్‌బర్గ్ పైరేట్స్ అందులో సగం కూడా చేయలేక 27 దగ్గర ఆగిపోయింది; అయినప్పటికీ ఆ ఏడాది విజేత పిట్స్‌బర్గే. బంతిని మైదానం అంచున ఉన్న గోడ దాటించే దెబ్బను హోమ్ రన్ అంటారు. అలాంటివి యాంకీస్ 10 కొడితే పైరేట్స్ కొట్టినవి 4. జట్టు మొత్తం బ్యాటింగ్ సగటు, అంటే బ్యాటింగ్ అవకాశాల్లో ఫలించిన దెబ్బల వాటా, చూసినా యాంకీస్‌ది .338 కాగా పైరేట్స్‌ది .256 మాత్రమే. మెరుగైన జట్టే ఓడిపోయిందని యాంకీస్ తార మికీ మాంటిల్ తర్వాతి కాలంలోనూ అంటూ వచ్చాడు. అంకెలు మాత్రమే చూసేవారికి ఆ మాట సబబుగానే తోస్తుంది గానీ, ఆ ఏడు ఆటలనూ వరుసగా పరిశీలించినప్పుడు పైరేట్స్ గెలుపులో అదృష్టంతో పాటు, దానికంటే బలంగా, ఒక లెక్క కూడా పనిచేసిందని తెలుస్తుంది.

ఆ లెక్క బోధపడాలంటే ముందు ఆట స్వరూపం కొంత తెలియాలి. బేస్‌బాల్‌లో చతురస్రాకారంగా అమర్చిన నాలుగు మూలల్లో మొదటిదైన హోమ్ ప్లేట్ దగ్గర నిలబడి బ్యాటర్ బంతిని కొడతాడు. అక్కడి నుంచి మొదటి, రెండవ, మూడవ బేస్‌లను చుట్టి మళ్లీ హోమ్ ప్లేట్ చేరుకుంటే జట్టుకు ఒక పరుగు లభిస్తుంది. ముగ్గురు ఔటయ్యే వరకు ఒక జట్టు, ఆ తర్వాత మరో ముగ్గురు ఔటయ్యే వరకు రెండవ జట్టు బ్యాటింగ్ చేస్తే ఒక ఇన్నింగ్స్ పూర్తవుతుంది. అలాంటివి తొమ్మిది కలిస్తే ఒక ఆట. ఆ రోజుల్లో నేషనల్ లీగ్, అమెరికన్ లీగ్ అనే రెండు లీగ్‌లు విడివిడిగా 154 ఆటల పోటీలు నిర్వహించేవి, చివరికి వాటి విజేత జట్లు వరల్డ్ సిరీస్‌లో తలపడేవి. ముందు నాలుగు ఆటలు గెలిచిన జట్టుదే కిరీటం. క్రికెట్ లీగ్ పోటీల్లో పాయింట్లు సమానమైనప్పుడు నెట్ రన్ రేట్ చూసే పద్ధతి తెలుగు పాఠకులకు సుపరిచితమే గనుక, ఒక్క తేడా గుర్తుంచుకుంటే చాలు: ఈ సిరీస్‌లో నిన్న ఎన్ని పరుగుల తేడాతో గెలిచామన్నది నేటి ఆటకు ఏ విధంగానూ అక్కరకు రాదు.

పిట్స్‌బర్గ్ పేరు వినగానే చాలామంది తెలుగువారికి ఆ నగర శివారు పెన్ హిల్స్‌లోని 1970ల నాటి శ్రీ వేంకటేశ్వరాలయం మనసులో మెదులుతుంది. ఆ ఆలయం రాకముందు, 1960 నాటికి అది ఉక్కు కర్మాగారాల నగరం, బేస్‌బాల్‌లో ఓటములకు అలవాటుపడిన నగరం. పైరేట్స్ చివరిసారి విజేతగా నిలిచింది 1925లో. 1927లో మళ్లీ వరల్డ్ సిరీస్ దాకా వెళ్లి, ఇదే యాంకీస్ చేతిలో 4–0తో చిత్తుగా ఓడింది. 1952లో ఆ జట్టు 42 ఆటలు గెలిచి 112 ఓడింది. అప్పటి నుంచి 1955 వరకు ఏటా లీగ్‌లో అట్టడుగునే ఉంది. ఆ చీకటి రోజుల్లోనే బ్రాంచ్ రిక్కీ అనే దూరదృష్టి గల నిర్వాహకుడు జట్టును పునాదుల నుంచి కట్టుకుంటూ వచ్చారు. 1947లో జాకీ రాబిన్సన్‌ను పెద్ద లీగ్‌లోకి తెచ్చి వర్ణవివక్ష గోడను కూల్చింది ఆయనే. బ్రూక్లిన్ డాడ్జర్స్ తన కింది జట్టులో ఉంచిన ప్యూర్టోరికో యువకుడు రాబర్టో క్లెమెంటేను 1954 చివరలో పైరేట్స్ ఎంచుకున్నది ఆయన హయాంలోనే. 1957లో మేనేజర్‌గా వచ్చిన డానీ మర్టా చేతికి ఆ జట్టు అందింది. 1960లో అది 95 ఆటలు గెలిచి నేషనల్ లీగ్ విజేత అయింది.

అవతలి పక్షం సంగతి వేరు. యాంకీస్ అప్పటికే 18 వరల్డ్ సిరీస్‌లు గెలిచింది. మేనేజర్ కేసీ స్టెంగెల్ నడిపించిన 12 ఏళ్లలో 10 సార్లు అమెరికన్ లీగ్ విజేతగా నిలిచింది. మాంటిల్, రోజర్ మారిస్, యోగి బెర్రా వంటి బ్యాటర్లు, బంతి విసిరే వైటీ ఫోర్డ్ వంటి పిచ్చర్ ఒకే జట్టులో ఉండటంతో పిట్స్‌బర్గ్ గెలుస్తుందని నమ్మినవారు ఆ నగరం బయట తక్కువే.

తొలి ఆటలో పైరేట్స్ 6–4తో గెలిచింది. తర్వాతి రెండింటిలో యాంకీస్ 16–3, 10–0తో విరుచుకుపడింది. ఆపై న్యూయార్క్‌లోనే పైరేట్స్ 3–2, 5–2తో వరుసగా రెండు ఆటలు దక్కించుకోగా, తిరిగి పిట్స్‌బర్గ్ చేరాక యాంకీస్ 12–0తో ఆరో ఆటను లాగేసుకుంది. యాంకీస్ గెలిచిన మూడు ఆటల్లో తేడా మొత్తం 35 పరుగులు. పైరేట్స్ గెలిచిన నాలుగింటిలోనూ కలిపి తేడా 7 పరుగులే. అంటే యాంకీస్ చేసిన 55 పరుగుల్లో 38 మూడు ఆటల్లోనే కుప్పపడ్డాయి, మిగిలిన నాలుగు ఆటలకు 17 మాత్రమే దక్కాయి. పదహారు పరుగులతో గెలిచినా ఒక్క పరుగు తేడాతో గెలిచినా దక్కేది ఒకే గెలుపు గనుక, ఆ కుప్పలో అధికభాగం వృథా అయిందనే చెప్పాలి.

ఇక్కడే మర్టా వివేకం కనిపిస్తుంది. బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచ్చర్ భుజం త్వరగా అలసిపోతుంది. ఆట ఆరంభించిన పిచ్చర్‌కు మళ్లీ మూడు, నాలుగు రోజుల విశ్రాంతి తప్పనిసరి. ఆరంభించినవాడు అలసిపోయాక వచ్చేవాడిని రిలీఫ్ పిచ్చర్ అంటారు. పైరేట్స్‌కు ఆ స్థానంలో ఎల్‌రాయ్ ఫేస్ అనే పొట్టి మనిషి ఉండేవాడు, అతడు విసిరే ఫోర్క్‌బాల్ బ్యాటర్ ముందుకు రాగానే హఠాత్తుగా కిందికి జారిపోయేది. చేజారిపోయిన ఆటల్లో మర్టా అతడిని అసలు దించలేదు. ఆ సిరీస్‌లో ఫేస్ బంతి పట్టింది నాలుగు ఆటల్లోనే, ఆ నాలుగూ పైరేట్స్ గెలిచినవే. ఆరంభ పిచ్చర్లలో మేటి అయిన వెర్న్ లా చీలమండ గాయంతో బాధపడుతూనే ఒకటి, నాలుగు, ఏడు ఆటలను ఆరంభించాడు. ఓడే రోజున ఎంత ఘోరంగా ఓడినా ఫర్వాలేదని సరిపెట్టుకుని, గెలవగలిగే రోజు కోసం బలాన్ని దాచుకోవడానికి మేనేజర్‌కు గుండెనిబ్బరం కావాలి. 16–3తో ఓడిన రోజున సొంత ప్రేక్షకుల ముందు అది ఏమంత సులువు కాదు.

స్టెంగెల్ దీనికి విరుద్ధంగా చేశారు. తన ఉత్తమ పిచ్చర్ ఫోర్డ్‌ను తొలి ఆటలో కాకుండా మూడో ఆటలో, న్యూయార్క్ మైదానంలో దించారు. ఫోర్డ్ మూడు, ఆరు ఆటల్లో ప్రత్యర్థికి ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. అయితే ఆ రెండింటిలోనూ యాంకీస్ పది పరుగులు, అంతకు మించి చేసింది గనుక ఇంకెవరు విసిరినా ఆ ఆటలు గెలిచేవేనేమో. తొలి ఆటను ఫోర్డే ఆరంభించి ఉంటే నాలుగో ఆటకు, ఏడో ఆటకు కూడా అందుబాటులో ఉండేవాడన్న విమర్శ స్టెంగెల్‌ను జీవితాంతం వెంటాడింది, ఆ విమర్శలో న్యాయముంది.

అదృష్టం పాత్రను తోసిపుచ్చనక్కరలేదు. ఒక్కో ఆటలో 55 శాతం గెలుపు అవకాశం గల జట్టు ఏడు ఆటల సిరీస్‌ను గెలిచే అవకాశం లెక్క ప్రకారం దాదాపు 61 శాతమే. అంటే అలాంటి సిరీస్‌లు పది జరిగితే సుమారు నాలుగింటిలో బలహీనమైన జట్టే గెలుస్తుంది. వందకు పైగా ఆటల లీగ్‌లో నిలకడగా బయటపడే తారతమ్యం వారం రోజుల పోటీలో మరుగున పడిపోవచ్చు.

అక్టోబరు 13న ఫోర్బ్స్ ఫీల్డ్‌లో 36,683 మంది చూస్తుండగా జరిగిన ఏడో ఆట విడిగా చెప్పుకోదగినది. రాకీ నెల్సన్ హోమ్ రన్‌తో మొదలుపెట్టి పైరేట్స్ రెండు ఇన్నింగ్స్‌లలో 4–0 ఆధిక్యం సంపాదించింది. అయిదో ఇన్నింగ్స్‌లో ఒక పరుగు రాబట్టిన యాంకీస్, ఆరో ఇన్నింగ్స్‌లో ఫేస్ విసిరిన బంతిని బెర్రా గోడ దాటించడంతో 5–4కు, ఎనిమిదో ఇన్నింగ్స్‌కు 7–4కు చేరింది. అన్నాళ్లూ కాపాడిన ఫేస్ ఆ రోజు నిలబడలేకపోయాడు. పైరేట్స్‌కు మిగిలినవి ఆరు ఔట్లు.

ఎనిమిదో ఇన్నింగ్స్ రెండో భాగంలో మొదటి బ్యాటర్ బేస్ చేరాక, బిల్ వర్డన్ కొట్టిన బంతి నేల మీదుగా యాంకీస్ షార్ట్‌స్టాప్ టోనీ క్యూబెక్ వైపు దొర్లింది. రెండో, మూడో బేస్‌ల నడుమ కాపు కాసే ఆటగాడిని షార్ట్‌స్టాప్ అంటారు. ఆ బంతితో ఒకేసారి ఇద్దరిని ఔట్ చేయడం మామూలే. అయితే గట్టి మట్టి మీద బంతి వంకరగా ఎగిరి క్యూబెక్ గొంతుకు తగిలింది, అతడు కూలిపోయాడు, ఇద్దరు రన్నర్లూ బతికిపోయారు. డిక్ గ్రోట్ దెబ్బతో ఒక పరుగు వచ్చింది. రెండు ఔట్లు పడ్డాక క్లెమెంటే మొదటి బేస్ వైపు బంతిని పేలవంగా తట్టి పరుగెత్తాడు. బంతి అందుకున్న బిల్ స్కౌరన్ విసరడానికి చూస్తే, ఆ బేస్ కాయవలసిన పిచ్చర్ జిమ్ కోట్స్ అక్కడికి చేరనే లేదు. 7–6. మరుక్షణంలో హాల్ స్మిత్ అనే బ్యాటర్ బంతిని ఎడమ గోడ దాటించగా ముగ్గురు హోమ్ ప్లేట్ చేరి స్కోరు 9–7 అయింది. మట్టి చేసిన మేలు అదృష్టం. కోట్స్ నిలిచిపోయిన చోట క్లెమెంటే శాయశక్తులా పరుగెత్తడం మాత్రం అదృష్టం కాదు.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ ఒక పరుగు తిరిగి తెచ్చుకుని, ఒక ఔట్ మీద మూడో బేస్‌లో గిల్ మెక్‌డూగల్డ్‌ను, మొదటి బేస్‌లో మాంటిల్‌ను నిలిపింది. అప్పుడు బెర్రా బలంగా కొట్టిన బంతిని నెల్సన్ మొదటి బేస్ దగ్గరే అందుకుని, బేస్ తొక్కి బెర్రాను ఔట్ చేశాడు. బ్యాటర్ ఔటైపోయాక మొదటి బేస్‌లోని రన్నర్ ముందుకు పోవలసిన నిర్బంధం తొలగిపోతుంది. అతడిని ఔట్ చేయాలంటే బంతితో ఒంటిని తాకాలి. రెండో బేస్‌కు పరుగెత్తితే దొరికిపోతానని క్షణంలో గ్రహించిన మాంటిల్, నెల్సన్ చేతికి అందకుండా నేల మీదికి దూకి మళ్లీ మొదటి బేస్‌నే తాకాడు. ఆ సందులో మెక్‌డూగల్డ్ హోమ్ ప్లేట్ చేరాడు. 9–9. ఓడిన జట్టు వైపు నుంచి ఇంత చురుకైన బుద్ధి ఆ ఆటలో మరొకటి కనబడదు.

తర్వాత పైరేట్స్ తరఫున మొదట బ్యాట్ పట్టినవాడు బిల్ మజరోస్కీ. రెండో బేస్ దగ్గర అతడి ఫీల్డింగ్‌కు అప్పటికే పేరుంది గానీ, భారీ దెబ్బల బ్యాటర్‌గా ఎవరూ లెక్కించలేదు. ఆ ఏడాది లీగ్ ఆటలన్నిటిలోనూ కొట్టిన హోమ్ రన్లు 11. రాల్ఫ్ టెర్రీ విసిరిన మొదటి బంతిని వదిలేశాడు. రెండోది మధ్యాహ్నం 3:36కు ఎడమ గోడ దాటింది. వరల్డ్ సిరీస్ ఏడో ఆట హోమ్ రన్‌తో ముగియడం అంతకుముందు లేదు, ఆ తర్వాతా జరగలేదు. జట్టు వాటాదారుల్లో ఒకరైన గాయకుడు బింగ్ క్రాస్బీ తాను చూస్తే ఓడిపోతుందేమోనన్న భయంతో పారిస్‌లో ఉండి, టీవీ తెర నుంచి ఆ ఆటను ఫిల్మ్‌పైకి ఎక్కించుకున్నారు. 2009లో ఆయన ఇంట్లో బయటపడిన ఆ ఫిల్మ్ వల్లనే ఆ ఆటను ఈనాటికీ పూర్తిగా చూడగలుగుతున్నారు.

కొద్ది రోజులకే యాంకీస్ యాజమాన్యం 70 ఏళ్ల స్టెంగెల్‌ను పదవి నుంచి తప్పించింది. సిరీస్ ఉత్తమ ఆటగాడి పురస్కారం 12 పరుగులు రాబట్టిన యాంకీస్ ఆటగాడు బాబీ రిచర్డ్‌సన్‌కు దక్కింది. ఓడిన జట్టు నుంచి ఆ గౌరవం పొందినవాడు అతడొక్కడే. ఫీల్డింగ్ నైపుణ్యానికి గుర్తింపుగా మజరోస్కీకి 2001లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు లభించింది.

టెర్రీకి మరో అవకాశం రావడానికి రెండేళ్లు పట్టింది. 1962 వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో యాంకీస్ 1–0 ఆధిక్యంలో ఉండగా, శాన్‌ఫ్రాన్సిస్కో జయంట్స్ రన్నర్లు రెండు, మూడు బేస్‌ల్లో నిలిచిన వేళ విల్లీ మెకోవీ బలంగా కొట్టిన బంతి నేరుగా రిచర్డ్‌సన్ చేతిలోకి వెళ్లింది, టెర్రీ గెలిచాడు. ఆ సిరీస్‌లో జయంట్స్ చేసిన పరుగులు 21, కిరీటం అందుకున్న యాంకీస్ చేసినవి 20.