చెప్పుడు మాట కాదు... చిట్టా చూడాలి!

అమలాపురంలో కొబ్బరితోట కొనేవాళ్లు 'దానిమీద అప్పుందట' అన్న ఊరి మాట నమ్మరు, 'ఏ గొడవా లేదండీ' అన్న అమ్మేవాళ్ల మాటతోనూ సరిపెట్టుకోరు. సబ్‌రిజిస్ట్రార్‌ ఆఫీసులో ఈసీ తీయిస్తారు. ఆర్థిక నేరాల దర్యాప్తుకీ అదే సూత్రం.

సత్యం కంప్యూటర్స్‌ సంగతే చూడండి. బ్యాంకుల్లో 5,361 కోట్ల రూపాయలున్నట్లు పుస్తకాల్లో చూపించారు. అందులో 5,040 కోట్లు లేనేలేవని 2009 జనవరి 7న ఛైర్మన్‌ రామలింగరాజే ఒప్పుకున్నారు. ఆ డబ్బు ఎటు పోయిందన్నదానిపై ఊరికో కథ పుట్టింది. కోర్టులో నిలిచింది మాత్రం కథలు కాదు... కంపెనీ చూపిన డిపాజిట్లకూ బ్యాంకు ఖాతాలకూ పొంతన లేదన్న రికార్డు! 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చింది. మే నెలలో అప్పీలుపై శిక్ష అమలు నిలిచి, బెయిలు వచ్చింది.

అందుకే, కాగితం ఉందా అనే కాదు, అది ఎవరి చేతి నుంచి వచ్చిందనీ అడగాలి.