జాకీని నమ్మి కారు కిందికి దూరవద్దు



ఇంటి దగ్గర కారు బాగు చేసేటప్పుడు జాకీతో లేపుతారు. కిందికి దూరుతారు. ఇది ప్రమాదం.

చిన్న కారు కూడా 7, 8 క్వింటాళ్ళు ఉంటుంది. అంటే పది వడ్ల బస్తాల బరువు. జాకీ ఒరిగితే కారు మీద పడుతుంది. ప్రాణం పోతుంది.

మరి ఏం చేయాలి?

నేల గట్టిగా, చదునుగా ఉండాలి. హ్యాండ్ బ్రేకు వేయాలి. నేలమీద ఉండే చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు అడ్డం పెట్టాలి. జాకీతో లేపాక, కారు అడుగున గట్టి చోట రెండు ఇనుప స్టాండ్లు పెట్టాలి. జాకీని మెల్లగా దించాలి. బరువంతా స్టాండ్ల మీదికి రావాలి. చేత్తో ఊపి చూడాలి. కదలకపోతేనే కిందికి దూరాలి.

ఇటుకలు పెట్టవద్దు. పగులుతాయి.

స్టాండ్లు లేవా? చక్రం మార్చుకోవచ్చు. కిందికి మాత్రం దూరనివ్వకండి. "స్టాండు ఏదిరా?" అని మీరే అడగండి.